కుర్రకారు నవలకు డబ్బు కట్టిందెవరు?

అమెరికాలో యంగ్ అడల్ట్ నవల ఎలా పుట్టిందో ఎవరు చెప్పినా కథ దాదాపు ఒకేలా నడుస్తుంది. ఓక్లహోమా రాష్ట్రం టల్సా ఊళ్లో ఎస్.ఇ. హింటన్ అనే హైస్కూలు అమ్మాయి పదిహేనేళ్లకే ‘ది అవుట్‌సైడర్స్’ మొదలుపెట్టింది, 1967లో వైకింగ్ సంస్థ అచ్చువేసింది, దాంతో కొత్త సాహిత్య శాఖ ఒకటి మొదలైంది. ఆ పై వయసువాళ్లకని వచ్చిన న్యూ అడల్ట్ నవల సంగతి అడిగితే జవాబు ఇంకా పొట్టిది. 2009లో సెయింట్ మార్టిన్స్ ప్రెస్ రచనల పోటీ ఒకటి పెట్టి, దానికి ఆ పేరు తగిలించిందట. ఒకచోట బాలమేధావి, ఇంకోచోట ప్రకటన. పుస్తకం కొన్నవాళ్ల ఊసు ఈ రెండు కథల్లోనూ లేదు. నవల ఏ వయసువాళ్లదో రాసినవాళ్లు తేల్చేది కొంతే, డబ్బు కట్టేవాళ్లు తేల్చేదే ఎక్కువ అని నా అనుమానం.

తొలి రోజులను చుట్టబెట్టేయొచ్చు. లూయిసా మే ఆల్కాట్ ‘లిటిల్ విమెన్’ (1868), మొరీన్ డేలీ ‘సెవెంటీన్త్ సమ్మర్’ (1942) అందరూ ఎత్తే పేర్లే. అంతగా ఎత్తని పేర్లు లైబ్రేరియన్లవి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో మేబెల్ విలియమ్స్, ఆమె తర్వాత మార్గరెట్ స్కాగిన్, బాల్టిమోర్ ఈనాక్ ప్రాట్ లైబ్రరీలో మార్గరెట్ ఎడ్వర్డ్స్. పిల్లల గదిలో ఇమడని, పెద్దల గదిలోకి రానివ్వని పదహారేళ్లవాళ్ల కోసం వీళ్లు వేరే బీరువాలు పెట్టించారు, జాబితాలు వేశారు. ఎడ్వర్డ్స్ తన దగ్గర చేరిన సహాయకుల చేత వందల పుస్తకాలు చదివించేది. యుద్ధకాలంలో గుర్రబ్బండి మీద పుస్తకాలేసుకుని బాల్టిమోర్ పేదవాడలకు వెళ్లింది. ఆ బీరువాల్లో సర్దినవి చాలావరకు పెద్దల నవలలే, ఎందుకంటే పిల్లల కోసమని రాసిన వాటిలో సరుకు తక్కువ. 1957లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ యువజన సేవలకంటూ ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచింది. అంటే హింటన్ నవల బయటికి రావడానికి పదేళ్ల ముందే పాఠకులున్నారు, వాళ్లకు పుస్తకం ఏరిపెట్టే ఉద్యోగులున్నారు, చివరికి సంఘం కూడా ఉంది. లేనిది పుస్తకమే.

ఆ లోటు తీర్చిన డబ్బు ఎక్కడిదన్నది అసలు ప్రశ్న. 1965 ఏప్రిల్ 11న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సాస్‌లో తన చిన్ననాటి బడికి వెళ్లి, పాత టీచరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక విద్యాచట్టం మీద సంతకం చేశాడు. అందులో రెండో అధ్యాయం కింద బడి లైబ్రరీల పుస్తకాలకు, బోధన సామగ్రికి మొదటి ఏడాదికే 10 కోట్ల డాలర్లు కేటాయించారు. పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణకర్తలకు అప్పటికే ముఖ్యమైన గిరాకీ లైబ్రరీలే. ఇప్పుడు ఆ గిరాకీ చేతికి ప్రభుత్వ సొమ్మొచ్చింది. కొనేది లైబ్రేరియన్ కాబట్టి గట్టి అట్ట కావాలి, సమీక్ష కావాలి, అన్నిటికంటే ముందు టీచరు క్లాసులో చర్చకు పెట్టగల విషయం కావాలి. పాల్ జిండెల్ ‘ది పిగ్‌మ్యాన్’ 1968లో, రాబర్ట్ కార్మియర్ ‘ది చాకొలెట్ వార్’ 1974లో వచ్చాయి. కార్మియర్ దాన్ని పెద్దల నవలగానే రాశాడు, యువకుల జాబితాలో వేద్దామన్నది ఏజెంటు సలహా. పెద్దల నవలల గుంపులో పడుంటే ఒక క్యాథలిక్ బడిలో చాకొలెట్లు అమ్మనని మొండికేసిన కుర్రాడి కథకు అంత ఆయుష్షు దక్కేదని నేననుకోను.

ఇక్కడ నా వాదానికి అడ్డొచ్చేవి కూడా చెప్పాలి. హింటన్ రాసేనాటికి ఆ చట్టం గురించి విని ఉండదు, విన్నా ఆమెకు పట్టేది కాదు. డబ్బు నవలను పుట్టించలేదు, పుట్టిన నవలను బతికించింది. ‘ది అవుట్‌సైడర్స్’ను ఇన్నేళ్లు నిలబెట్టినవాళ్లు టీచర్లు, లైబ్రేరియన్లు. 1980లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఒక బడి లైబ్రేరియన్, పిల్లల సంతకాలు జతచేసి, ఈ నవలను సినిమా తీయండని దర్శకుడు ఫ్రాన్సిస్ కొప్పొలాకు ఉత్తరం రాసింది. సినిమా 1983లో వచ్చింది.

రెండో అడ్డంకి ఇంకా గట్టిది. జూడీ బ్లూమ్ ‘ఫరెవర్’ (1975) లైబ్రరీల చలవతో నడిచిన పుస్తకం కాదు. ఒక హైస్కూలు అమ్మాయి మొదటి ప్రేమను, మొదటి శృంగారాన్ని భయపెట్టకుండా, ఆమెకు శిక్ష వేయకుండా చెప్పిన నవల అది. చాలా బడులు దాన్ని గడప దాటనివ్వలేదు. అయినా ఒక తరం అమ్మాయిలు 85వ పేజీ దగ్గర మూల మడిచి చేతులు మార్చుకున్నారు. సంస్థ కొనని పుస్తకాన్ని కూడా పిల్లలు వెతుక్కుంటారని అది రుజువు చేసింది. వ్యాపారులు ఆ సంగతి గమనించకుండా ఎలా ఉంటారు?

డెబ్బైల చివర్లో సంస్థల చేతిలో డబ్బు కరిగిపోయింది. ఒకవైపు ధరలు పెరిగాయి. మరోవైపు 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపొజిషన్ 13తో ఆస్తిపన్నుకు కళ్లెం వేస్తే, ఆ పన్ను మీద బతికే బడులు ముందుగా కోసుకున్నవాటిలో లైబ్రరీలున్నాయి. ప్రచురణకర్తలు షాపింగ్ మాల్స్‌లోని బి. డాల్టన్, వాల్డెన్‌బుక్స్ లాంటి దుకాణాల వైపు తిరిగారు. అక్కడ కొనేది లైబ్రేరియన్ కాదు, పాకెట్ మనీ ఉన్న పద్నాలుగేళ్ల పిల్ల. ఆమె కోసం చవక పేపర్‌బ్యాక్ ప్రేమకథలు వరసలు కట్టాయి. 1983లో ఫ్రాన్సిన్ పాస్కల్ రూపొందించిన ‘స్వీట్ వ్యాలీ హై’ మొదలైంది. పాత్రలూ కథాసూత్రాలూ ఆమెవి, రాసిపెట్టేది వేరేవాళ్లు. విమర్శకులు దీన్ని పతనమన్నారు. నాకు మాత్రం అది కేవలం కొనుగోలుదారు మారడం. లైబ్రేరియన్ కొంటే పుస్తకంలో సమస్య ఉంటుంది, పిల్ల కొంటే ‘స్వీట్ వ్యాలీ హై’లోలా కవల అక్కచెల్లెళ్లు ఉంటారు. మొదటిది ఉత్తమం, రెండోది అధమం అని తేల్చడానికి నాకు నోరు రాదు. అయితే మొదటి దాంట్లో పేద కుర్రాళ్లు కనిపించేవారు, రెండో దాంట్లో వాళ్ల జాడ పలచబడింది.

తొంభైల విరామాన్నీ, యంగ్ అడల్ట్ పుస్తకాలకు 2000లో మొదలైన ప్రింట్జ్ అవార్డునూ దాటేద్దాం. ‘ట్విలైట్’ (2005), ‘ది హంగర్ గేమ్స్’ (2008) వచ్చాక కొనేవాళ్లు మళ్లీ మారారు. యంగ్ అడల్ట్ పుస్తకాలు కొంటున్నవాళ్లలో 55 శాతం 18 దాటినవాళ్లేనని 2012లో బౌకర్ సంస్థ సర్వే చెప్పింది. వాళ్లలో ముప్పై, నలభై ఏళ్లవాళ్లు బోలెడంత మంది, కొన్నది కూడా ఎక్కువగా తాము చదువుకోడానికే. పెద్దవాళ్లు పిల్లల నవలలు చదవడం సిగ్గుచేటని ఆ రోజుల్లో కొందరు గొడవ చేశారు. చదివితే తప్పేమీ లేదు. చిక్కల్లా, కొనేవాడు ముప్పై ఏళ్లవాడైతే కథానాయిక వయసు పదిహేను దగ్గర ఆగదు. పదిహేడవుతుంది, పద్దెనిమిదవుతుంది, మాటతీరు ఇరవై ఐదు దాటుతుంది. అసలు పదమూడేళ్లవాడు ఆ బీరువా ముందు నిలబడి తనది కాని పుస్తకాల వెన్నులు చూస్తుంటాడు.

న్యూ అడల్ట్ దగ్గర నా పేచీ ఇంకా సూటిది. 2009 పోటీ పేరు మాత్రమే ఇచ్చింది. దుకాణాల్లో అర గానీ, ప్రచురణకర్తల దగ్గర బడ్జెట్ గానీ ఆ పోటీ వల్ల రాలేదు. అసలు మలుపు 2010 జూన్‌లో వచ్చింది. 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధర పెట్టిన కిండిల్ పుస్తకం మీద 70 శాతం రచయితకే ఇస్తామని అమెజాన్ అప్పుడు మొదలుపెట్టింది. 2011లో జేమీ మెక్‌గ్వైర్ ‘బ్యూటిఫుల్ డిజాస్టర్’, 2012 జనవరిలో కొలీన్ హూవర్ ‘స్లామ్డ్’ సొంత ప్రచురణలుగా వచ్చాయి. రెండింటినీ తర్వాత ఆట్రియా సంస్థ కొనుక్కుంది. మధ్యలో లైబ్రేరియన్ లేదు, టీచరు లేదు, మొదట ఎడిటర్ కూడా లేడు. రాత్రి పదకొండుకు ఫోన్‌లో మూడు డాలర్లు నొక్కే పాఠకురాలు, అంతే. ఆమెకు ఏం కావాలో నవల అది ఇచ్చింది.

ఆమెకు కావలసింది చాలావరకు ప్రేమ, పడకగది. అందులో నాకు నీతి అభ్యంతరమేదీ లేదు. ఇరవై ఏళ్ల జీవితంలో అదీ ఒక పెద్ద భాగమే. మిగతా భాగం ఎటు పోయిందన్నదే నా బాధ. మొదటి జీతం, చదువుకు తెచ్చిన అప్పు, రూమ్మేటుతో అద్దె లెక్కలు, చేరిన నెలకే నచ్చని ఉద్యోగం: ఈ వయసుకే సొంతమైనవి ఇవి. ‘స్లామ్డ్’లో ఇరవై ఒక్కేళ్ల విల్, తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణి పెంచుతుంటాడు, ఆ బరువు నవలలో నిజంగా ఉంది. ఆ దారిని పట్టుకున్నవాళ్లు తక్కువ. ‘ఫోర్త్ వింగ్’ (2023) నాటికి కాలేజీ ఉంది గానీ అక్కడ ఫీజు బాధ లేదు, తప్పితే ప్రాణం పోతుంది, నెగ్గితే డ్రాగన్ దొరుకుతుంది. వయసు ముద్ర కూడా కుదురుగా లేదు: సారా జె. మాస్ ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ 2015లో యంగ్ అడల్ట్‌గా వచ్చి, 2020లో కొత్త అట్టతో పెద్దల పుస్తకమైంది.

తెలుగువాళ్లకు ఇదంతా కొత్త వింత కాదు. అరవైల్లో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ని పత్రికల నుంచీ అద్దె పుస్తకాల షాపుల నుంచీ తెచ్చుకుని చదివినవాళ్లూ కుర్రకారు పాఠకులే. ఆ నవలను కలల బేహారమని వెక్కిరించినవాళ్లు ఒక సంగతి వదిలేశారు. అందులో నాయిక జయంతి ఆఫీసుకు వెళ్తుంది, జీతానికి పనిచేస్తుంది. 1969లో నవీన్ ‘అంపశయ్య’ ఉస్మానియా విద్యార్థి రవి బతుకులో ఒక్క రోజును నవలంతా పరిచింది. న్యూ అడల్ట్ అనే మాటకు దానికంటే నికార్సైన ఉదాహరణ నాకు తోచదు, అది ఏ లేబుల్ కోసమూ రాసింది కాదు. ఇవాళ మాస్టర్స్ కోసం డాలస్‌లోనో చికాగోలోనో దిగిన తెలుగు పిల్ల కిండిల్ తెరిస్తే డ్రాగన్ల కాలేజీ దొరుకుతుంది. తన అప్పు, తన పార్ట్‌టైమ్, వీసా గడువు దొరకడం కష్టం.

ఇక పదమూడేళ్లవాడి సంగతి. వాడికి పుస్తకం ఏరిపెట్టే మనిషిని అమెరికా తన చేతులతోనే తీసేస్తోంది. టెక్సాస్ ప్రభుత్వం అధీనంలోకి తీసుకున్న హ్యూస్టన్ బడుల్లో 2023లో కొన్నింట లైబ్రేరియన్ పోస్టులు ఎత్తేశారు, ఆ గదులను అల్లరి చేసిన పిల్లలను కూర్చోబెట్టడానికి వాడతామన్నారు. మరోవైపు 2021 నుంచి చాలా రాష్ట్రాల్లో అభ్యంతరాలొచ్చిన పుస్తకాలను అరల్లోంచి తీయిస్తున్నారు, వాటిలో యంగ్ అడల్ట్ నవలలే ఎక్కువ. ఎడ్వర్డ్స్ గుర్రబ్బండి కట్టించిన దేశమే ఇది. బజారు తన పని తాను చేసుకుపోతోంది, దాన్ని తప్పుపట్టి లాభం లేదు. బజారు కొనని పుస్తకాన్ని కొనే చేయి ఒకటి ఒకప్పుడు ఉండేది. ప్రస్తుతం ఆ చేయి ఎవరిదో నాకు కనిపించడం లేదు.