తేనెటీగ కూడా వలస వచ్చిందే

రెండేళ్ళ క్రితం ఒహాయో రాష్ట్రంలో డేటన్ ఊరి బయట, పల్లెపట్టున, నాలుగెకరాల నేలతో చిన్న ఇల్లు కొనుక్కున్నాం. పెరట్లో ఆరు పాత ఆపిల్ చెట్లు, వాటి అవతల గడ్డినేల. ఆ చెట్ల కింద రెండు తేనెపెట్టెలు పెట్టుకోవాలని నా కోరిక. మా ఆవిడ కాదనలేదు కానీ, "శీతాకాలం సెలవులకి మనం ఇండియా వెళితే వాటిని ఎవరు చూస్తారు?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంది. దానికి జవాబు కోసం పుస్తకాలు తిరగేస్తూ, నాకు తెలియకుండానే తేనెటీగల చరిత్రలోకి దిగిపోయాను.

మొదటి ఆశ్చర్యం ఏమిటంటే, మనం తేనె పిండుకునే ఈ ఈగ అమెరికాది కాదు. 1621 చివర్లో ఇంగ్లండు నుంచి ఓడలో బయలుదేరి 1622లో వర్జీనియా చేరింది. అక్కణ్ణుంచి కొన్ని ఈగలు అడవిలోకి ఎగిరిపోయి, వలసవాళ్ళకంటే ముందే పడమటికి పాకాయి. అక్కడి ఆదివాసులు దాన్ని 'తెల్లవాడి ఈగ' అనేవారని థామస్ జెఫర్సన్ వర్జీనియా గురించిన తన పుస్తకంలో రాశాడు. ఆ ఈగ కనిపించిందంటే తెల్లవాళ్ళు దగ్గరికి వచ్చేశారని వాళ్ళకి గుర్తు. కాలిఫోర్నియా చేరడానికి మాత్రం 1853 దాకా పట్టింది. అంతకు ముందు ఈ నేల మీద పూలకి పరాగం మోసినవి ఇక్కడి సొంత ఈగలే. అవి సుమారు నాలుగు వేల జాతులు ఉన్నాయి. కాకపోతే మనం పిండుకునేంత తేనె దాచవు.

రెండో ఆశ్చర్యం తేనెపెట్టె. వృత్తిరీత్యా ఇంజనీర్ని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాను. ఒకప్పుడు ఈగల్ని గడ్డితో అల్లిన బుట్టల్లోనో, బోలు దుంగల్లోనో పెంచేవారు. తేనె కావాలంటే చాలాచోట్ల గంధకం పొగబెట్టి ఈగల్ని చంపడమే. ఫిలడెల్ఫియాకి చెందిన లొరెంజో లాంగ్‌స్ట్రాత్ అనే మతబోధకుడు 1851లో ఒక సంగతి పట్టుకున్నాడు. సందు మరీ ఇరుకైతే ఈగలు దాన్ని జిగురుతో పూడ్చేస్తాయి, వెడల్పైతే అక్కడ పట్టు కట్టేస్తాయి. ఇంచుమించు అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు వదిలితే మాత్రం దాన్ని దారిగా వాడుకుని ఖాళీగా ఉంచుతాయి. చట్రాల చుట్టూ ఆ సందు వదిలి ఆయన పెట్టె చేశాడు. ఒక్క ఈగనీ చంపకుండా చట్రం పైకి తీసి, చూసి, మళ్ళీ పెట్టవచ్చు. 1852 అక్టోబరు 5న పేటెంటు వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆ పెట్టెను చేసుకున్నారు. ఆయన 1858లో ఒహాయోలోని ఆక్స్‌ఫర్డ్‌కి వచ్చి చాలాకాలం ఉన్నాడు. 1895లో మా డేటన్‌లోనే, చర్చిలో ప్రసంగిస్తూ కన్నుమూశాడు.

మరి మన ఊళ్ళలో ఈ పెంపకం ఎందుకు పెద్దగా లేదు? నా చిన్నప్పుడు చింతచెట్టు చిటారుకొమ్మన వేలాడిన పెద్ద తేనెపట్టు ఆరుబయట తప్ప కట్టదు, పెట్టెలో ఇమడదు. అందుకే పొగబెట్టి కోసుకోవడమే మనకి అలవాటు. చెట్టు తొర్రల్లో, గోడ సందుల్లో కాపురముండే చిన్న ఈగ మాత్రం పెట్టెకి ఒప్పుకుంటుంది. దానికి తగ్గ చిన్న పెట్టెని 1910 దశకంలో దక్షిణ భారతంలో న్యూటన్ అనే మరో మతబోధకుడు తయారుచేశాడు.

అసలు చిక్కు ఈ చిన్న ఈగ దగ్గరే మొదలవుతుంది. ఆసియా అంతటా ఉండే దీని ఒంటి మీద వరోవా అనే నల్లి తరతరాలుగా ఉంది. ఈగకి దాన్ని అదుపులో పెట్టుకోవడం తెలుసు. ఇరవయ్యో శతాబ్దంలో తూర్పు ఆసియాకి యూరప్ ఈగల పెట్టెలు తీసుకువెళ్ళాక, నల్లి వాటిమీదకి దూకింది. పాపం, వాటికి ఆ విద్య రాదు. 1987లో నల్లి అమెరికాలో కనబడింది. అడవుల్లోని పట్లు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పెట్టెలకి పెట్టెలే ఖాళీ అయిపోయే వింత జబ్బు కూడా తోడైంది. 2022-23లో జరిపిన సర్వే ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో పెంపకందార్లు పోగొట్టుకున్న కుటుంబాలు దాదాపు 48 శాతం.

అంటే పెట్టె పెట్టి వదిలేసే కాలం 1987తోనే పోయింది. ఇప్పుడు ఈ ఈగ ఇంటి ఆవులాంటిది. నెలనెలా నల్లుల్ని లెక్కపెట్టాలి, మందు వెయ్యాలి, చలికాలానికి సరిపడా తేనె వదలాలి. చూసుకోకపోతే మన పెట్టెలోని నల్లి పక్కవాళ్ళ పెట్టెకీ పాకుతుంది. 'ఈగల్ని కాపాడదాం' అన్నదే ఉద్దేశమైతే పెట్టె అక్కర్లేదు. ఇక్కడి సొంత ఈగలకి కావలసినవి పూలూ, కదపకుండా వదిలిన కాస్త నేలా.

ఇక మా ఆవిడ ప్రశ్న. శీతాకాలంలో ఈగలు ముద్దగా చుట్టుకుని దాచుకున్న తేనె తింటూ ఉంటాయి, అప్పుడు పెట్టె తెరవనే కూడదు. కాబట్టి డిసెంబరు ప్రయాణానికి అడ్డు లేదు. అడ్డల్లా పిల్లల వేసవి సెలవుల ప్రయాణమే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వాటికి మనిషి కావాలి. ఆగస్టులో నల్లి సంగతి చూడకపోతే, ఆ చలికాలం అవి దాటడం కష్టం.

ఈ వేసవికి మా టికెట్లు ముందే కొనేశాం. అందుకని ఈ ఏడు పెట్టెలు వద్దనుకున్నాను. ఈ చలికాలం పెంపకం తరగతులకి వెళ్ళి, వచ్చే ఏడాది ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఇరుగుపొరుగు పెంపకందార్ల దగ్గర పని నేర్చుకుంటాను. ఇండియా వెళ్ళని మొదటి వేసవి రెండు పెట్టెలు. ఒకటి కాక రెండెందుకంటే, ఒకదాంతో పోల్చి చూస్తేనే రెండోదానికి ఏమైందో తెలుస్తుంది. ఒహాయో చట్టం ప్రకారం వాటిని రిజిస్టరు కూడా చేయించాలి.

ఈలోగా మా ఆవిడ గడ్డినేల అంచున ఆవాలు, ధనియాలు చల్లింది. కొత్తిమీర పూతకొచ్చాక చూడాలి, ఎవరి పెట్టెలోంచి వచ్చాయో, ఏ మట్టి కన్నంలోంచి వచ్చాయో, ఉదయం నుంచీ ఒకటే సందడి. మేము ఇంకా ఒక్క పెట్టె అయినా కొనలేదు.