నలుగురు వేషగాళ్లు

గద్వాల అనగానే మనకు ముందు గుర్తొచ్చేది చీరె. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ సీమలోనే ఇటిక్యాలపాడు వారైన సురవరం ప్రతాపరెడ్డిగారు మాత్రం కాస్త ఆలస్యంగా గుర్తొస్తారు.

నిజాం రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ హైదరాబాదు రాజ్యంలోవే. 1920ల చివర సర్కారువారు ‘గస్తీ నిషాన్ 53’ అని ఒక ఉత్తర్వు తెచ్చారు. ముందుగా అనుమతి లేనిదే సభ జరపరాదని దాని సారాంశం. ఫౌజూ, పోలీసులూ, జైళ్లూ అన్నీ ఉన్న ప్రభువుకు నలుగురు ఒకచోట కూర్చుంటే భయమెందుకూ? ఈ అనుమానానికి నాకు ఒక పాత కథలో జవాబు దొరికింది.

మెకంజీ దొర పోగుచేయించిన గ్రామచరిత్రల్లో మాచుపల్లి కైఫీయతు ఒకటి. 1502 ప్రాంతపు సంగతి. కడప సీమలో సిద్ధవటం ఏలే సంబెట గురవరాజు, పైకం రాబట్టడానికి ఆడవాళ్లను పట్టి తెప్పించి, వాళ్ల స్తనాలకు చిరతలు పట్టించేవాడట. అటుగా వచ్చిన కూచిపూడి భాగవతులు ఆ ఘోరం చూశారు. విజయనగరం వెళ్లి, వీరనరసింహరాయల ఎదుట ఆట కట్టారు. ఒకడు గురవరాజు, ఇద్దరు బంట్రోతులు, ఒకడు ఆడవేషం. రాయలు ఇదేమిటని విచారించి, సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి, చంపించాడని కైఫీయతు చెబుతుంది.

ఒక్కసారి ఆలోచించండి. రాయలకు కోపం వస్తే పోయేవి ఆ భాగవతుల తలకాయలే కదా! బాధపడ్డ ఇల్లాళ్లు ఈ కథలో ఎక్కడా నోరు విప్పరు. చీర కట్టుకున్న ఒక మగవాడు వాళ్ల తరఫున నిండుకొలువులో నిలబడ్డాడు.

చెప్పడానికి వీల్లేనిదాన్ని చూపించవచ్చు. పైగా ఆటను ఎవరూ ఒంటరిగా చూడరు. పక్కవాళ్ల మొహం కూడా చూస్తారు. ‘ఓహో, నీకూ తెలుసా?’ అనుకున్న క్షణాన భయం సగం పోతుంది. ప్రభువుల గుబులు అందుకేనండీ.

అంచేతనే తర్వాతి పాలకులు నేరస్థుణ్ని వదిలి నాటకాన్ని పట్టుకున్నారు. 1876లో తెల్లదొరలు నాటక ప్రదర్శనల చట్టం చేశారు. తెలంగాణ రైతు గోడును ఊరూరా చూపించిన 1947 నాటి ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు సర్కారు నిషేధించింది. రాసినవారు సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు.

మరి ప్రతాపరెడ్డిగారో? ఆంక్షల నడుమనే 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలను పక్కకు జరిపి, జనం తిండికీ బట్టకూ ఆటపాటలకూ పీట వేశారు. 1952లో వనపర్తి ప్రజలు ఆయన్ను శాసనసభకు పంపించారు. గస్తీ జారీచేసిన నిజాం పాలన అప్పటికే ముగిసింది. 1876 నాటి చట్టం మాత్రం 2018 దాకా రద్దు కాలేదు!

పిల్లలకు రాయలవారి కథలు చెప్పేటప్పుడు, పేర్లు మిగలని ఆ నలుగురు వేషగాళ్లను కూడా ఒకసారి తలుచుకోండి.