కొల్లేటి నేల, రైలుకట్ట

రైలుబండి పోతున్నపుడు అందరి చూపూ ఇంజనుమీద నిలుస్తుంది. పట్టాలను గమనించేవారు కొందరు. పట్టాల కింద స్లీపర్లు, వాటి కింద కంకర, కంకర కింద కట్ట, కట్ట కింద నేల. ఏ దారిని ఏ సంవత్సరంలో తెరిచారో పుస్తకాలలో దొరుకుతుంది గాని, దాని అడుగున ఏమి పరిచారని అడిగేవారు అరుదు. ఉండి, ఆకివీడు, కైకలూరు ప్రాంతాలలో అసలు అడగవలసిన ప్రశ్న అదే.

1890లలో పడిన పెద్దలైను బెజవాడనుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా, కొల్లేటిని దక్షిణాన విడిచిపెట్టి, గోదావరి వైపు సాగింది. పల్లపు డెల్టాలోకి రైలు దిగడానికి మరికొంత కాలం పట్టింది. బెజవాడనుంచి బందరుకు 1908లోను, గుడివాడనుంచి కైకలూరు, ఆకివీడు, ఉండి మీదుగా భీమవరానికి 1928లోను దారి పడింది. ఈ రెండూ మీటరుగేజి దారులు. పెద్దలైను పట్టాల నడుమ దూరం 5 అడుగుల 6 అంగుళాలు, అంటే 1676 మిల్లీమీటర్లు. వీటి నడుమ వెయ్యి మాత్రమే. మన తెలుగుసీమలో అంతకంటె ఇరుకైన దారి కూడ ఉండేది. నౌపడానుంచి పర్లాకిమిడికి 1900లో అక్కడి మహారాజు వేయించిన రైలుకు గేజి 762 మిల్లీమీటర్లే.

మీటరుగేజికి మూలపురుషుడు మేయోప్రభువు. ఖర్చు తగ్గించడం కోసం 1870లో చిన్నగేజిని నిర్ణయించారు. మొదట 3 అడుగుల 3 అంగుళాలు చాలుననుకొని, దేశానికి మెట్రిక్ కొలతలు రానున్నవన్న భరోసాతో దానిని సరిగా మీటరు చేశారు. ఆ కొలతలు మన అంగళ్లకు రావడానికి 1956 నాటి చట్టం కావలసి వచ్చిందనుకోండి. గేజి మారడం వలన కలిగిన చిక్కు చిన్నది కాదు. డెల్టానుంచి మీటరుగేజి వ్యాగనులో వచ్చిన ధాన్యం మద్రాసు దారి పట్టాలంటే బెజవాడలో బస్తా బస్తా దించి మరల ఎక్కించవలెను. అయినను కట్ట వేసేవానికి ఈ గేజిలో ఒక సౌలభ్యం ఉన్నది. పెద్దగేజికి కట్ట నెత్తిన 20 అడుగుల వెడల్పు కావలసినచోట దీనికి 16 అడుగులు చాలును. బండి బరువూ తక్కువే. మెత్తని నేలకు అది మేలు.

ఇక నేల సంగతి. కొల్లేటి చుట్టుపట్ల ఉన్నది ఒండ్రు కలిసిన నల్లని బంకమన్ను. వేసవిలో అది చేయి దూరేంత వెడల్పున బీటలు వారుతుంది. వానలు పడగానే ఉబ్బి ముద్దయిపోతుంది. వరికి ఇంతకంటె మంచి నేల లేదు. రైలుకు మాత్రం ఇంతకంటె చెడ్డది వెదకినా దొరకదు. కట్టకు కావలసిన మన్నును ఇరుప్రక్కల త్రవ్వి తీయడమే ఆనాటి వాడుక కనుక, కట్ట కూడ ఆ బంకమన్నుతోనే లేచేది.

ఆ మన్నుమీద నేరుగా కంకర పరిస్తే ఏమవుతుంది? బండి పోయినపుడెల్లా స్లీపరు కిందికి నొక్కుకొని పైకి లేస్తుంది. తడిసిన మన్ను ఆ ఒత్తిడికి రాళ్ల సందుల గుండా పైకి ఉబుకుతుంది. రాళ్లు మన్నులోకి దిగిపోతాయి. దిగినచోట లోపల గుంట ఏర్పడి నీరు నిలుస్తుంది. ఆ నీటివలన మన్ను మరింత మెత్తబడుతుంది. గ్యాంగు కూలీలు పలుగులతో కంకర ఎక్కించి పట్టాలు సరిచేసి పోతారు. నెల తిరగకుండానే అదే చోట దారి మరల కుంగుతుంది. ఎంత రాయి పోసినా నేల మింగుతూనే ఉంటుంది. డెల్టాలో రాయి పుట్టదు. కొండలున్న చోటునుంచి బండ్లమీద రావలసిన ఆ రాయిని మన్నుపాలు చేయడం ఎంత ఖర్చో ఊహించవచ్చును.

ఇందుకు విరుగుడు కంకరకు, బంకమన్నుకు నడుమ వేరొక పొర. ఇసుక వేయవచ్చును, గ్రావెలు వేయవచ్చును, ఆవిరి ఇంజన్ల కాలంలో షెడ్లలో గుట్టలుగా పడి ఉండే బొగ్గుబూడిద కూడ వేయవచ్చును. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణం. బూడిద తేలిక, నీటిని పోనిస్తుంది, ఖరీదు లేనిది. మెత్తని కట్టకు బరువు పెంచకుండా పొర ఇస్తుంది. కాని ఇనుమును తింటుంది గనుక ఇనుప స్లీపర్ల దరికి రానీయరాదు. ఇసుక చప్పుడును తగ్గిస్తుంది, నీటిని వదులుతుంది. కాని పైకి తేలితే గాలికి లేచి చక్రాల ఇరుసులలో చేరి వాటిని అరగదీస్తుంది. గ్రావెలు కొత్తకట్ట కుంగి కుదురుకునేదాకా బాగుగా పనిచేస్తుంది. రాయి దొరకని సీమలలో ఇటుకముక్కలు వాడిన సందర్భాలూ కలవు. అవి బరువుకు పొడి అయిపోతాయి. నా మట్టుకు అడుగున ఇసుకే మేలనిపిస్తుంది. పైన రాయి కప్పి ఉంటే దాని దోషం బయటపడదు.

ఎంత మంచి పొర వేసినా నీటికి దారి విడువకపోతే కట్ట నిలవదు. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలో పడతాయి. కొల్లేటి నీరు ఉప్పుటేరు వెంట సముద్రానికి పోవలెను. ఆ నీటికి అడ్డంగా లేచినదే ఈ రైలుకట్ట. తూములు చాలకపోతే ఎగువ చేలు మునుగుతాయి. మునిగిన నీరు కట్టనే కోస్తుంది. కట్ట తెగితే ఏమవుతుందో 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర చూచాము. వరదనీరు కోసివేసిన కట్టమీదికి డెల్టా ప్యాసింజరు వచ్చి పడి నూరుమందికి పైగా మరణించారు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి వరద కూడ చివరకు చేరవలసినది కొల్లేటికే.

1960ల తొలినాళ్లలో గుడివాడ, భీమవరం దారిని బ్రాడ్‌గేజిగా మార్చారు. పట్టాలను ఎడంగా జరిపితే సరిపోయే పని కాదు. పాతకట్ట ఏళ్ల తరబడి బండ్ల బరువుకు గట్టిపడి ఉంటుంది. దాని ప్రక్కన పోసిన కొత్తమన్ను కుంగుతుంది. అందువలన ఇటువంటి పనులలో పాతకట్ట వాలును మెట్లు మెట్లుగా కోసి, కొత్తమన్నును ఆ మెట్లకు అతికిస్తారు. ఈనాడు కాంక్రీటు స్లీపరు ఒక్కటే 250 కిలోలకు పైబడి తూగుతుంది. గూడ్సు బండిలో ఒక్క ఇరుసుమీద 20 టన్నులు దాటిన బరువు పడుతుంది. నేల మాత్రం ఆ నేలే.

మీటరుగేజి ఉండి స్టేషనును ఇంటిలో బల్లమీద బొమ్మరైలుగా నిలుపుకొనదలచినవారికి కూడ ఈ లెక్కలు పనికివస్తాయి. 87 వంతులలో ఒక వంతుగా చేస్తే మీటరుగేజి పదకొండున్నర మిల్లీమీటర్లవుతుంది. అంగడిలో దొరికే 12 మిల్లీమీటర్ల పట్టా దానికి దగ్గర. 16 అడుగుల కట్ట 56 మిల్లీమీటర్లు, 8 అంగుళాల కంకర సుమారు 2.3 మిల్లీమీటర్లు. పట్టా కింద పరచడానికి అమ్మే కార్కుబెండు పట్టీ సాధారణంగా 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది విదేశాల పెద్దదారులను చూచి చేసినది. మన దారిని రెట్టింపు ఎత్తున నిలబెడుతుంది. రెండు మిల్లీమీటర్ల కార్కు రేకు కొని స్వయంగా కోసుకొనడమే సరి. మన చెరువులలో పెరిగే జీలుగుబెండు చవక కదా అని ఆశపడరాదు. వేలితో నొక్కితే పడిన గుంట మరల పైకి రాదు, మేకును పట్టదు. కార్కు నొక్కు తీయగానే లేస్తుంది, చక్రాల మోతను బల్లకు చేరకుండా కొంత ఆపుతుంది. దానిమీద చల్లే కంకరకు జల్లించిన సన్నని ఇసుక చాలును. రెండంగుళాల రాయి ఈ కొలతలో అర మిల్లీమీటరు దాటిన రేణువు. చల్లేముందు ఆ ఇసుకమీద అయస్కాంతం ఒకసారి త్రిప్పవలెను. అందులోని నల్ల రేణువులలో ఇనుము ఉంటుంది. అవి చిన్నమోటారులోకి చేరితే ఇంజను కదలదు.