లంకపొగాకును ఇంటిపెద్దలును

రావులపాలెమున గౌతమిగట్టుపై నిలిచినవారికి నదిలోని లంకలు గానవచ్చును. వరద తీసిన పిదప ఒండ్రు మిగులు గోదావరి లంకలలో పండు పొగాకు చుట్టలకు పేరుపొందినది. తిరుచిరాపల్లి చుట్టలకును ఇచ్చటి ఆకు పోయెడిది. ఇట్టి సీమలో పొగత్రాగుట అనాదియాచారమని తలంచువారు కలరు. అది పొరపాటు. పొగాకు అమెరికాఖండపు మొక్క. పోర్చుగీసువారి మూలమున వచ్చి, సుమారు 400 ఏండ్ల క్రిందట మన దేశమున వ్యాపించెను. 1617లో జహంగీరు చక్రవర్తి పొగత్రాగుటను నిషేధించెను గాని ఆ యాజ్ఞ నిలువలేదు.

రాజాజ్ఞ ఇంటిలోనికి రాదు. ఇంటనో, పెద్దలయొద్ద పిన్నలు నేర్తురు. 1892లో తొలుత ప్రదర్శింపబడిన కన్యాశుల్కమున వెంకటేశము తన గురువగు గిరీశమువలన నేర్చినది చుట్టకాల్చుటయే. చదువరులు నవ్వుదురు. ఉపాధ్యాయులమైన మాకు ఆ నవ్వు చాలసేపు నిలువదు. మేమును బాల్యమున తాతగారి చుట్టకు పొయ్యినుండి నిప్పు తెచ్చినవారమే.

చుట్టవెంట బీడీయు, సిగరెట్టును వచ్చెను. మనకు ఉత్తరముననున్న శ్రీకాకుళము ప్రాంతమున స్త్రీలు నిప్పుకొనను నోటిలోనుంచుకొని అడ్డపొగ త్రాగుట వాడుకయయ్యెను. పొగకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును 1950లో ఇంగ్లండున డాల్, హిల్ అను పండితులు వెల్లడించిరి. మన రాష్ట్రమున 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి, అడ్డపొగవలన అంగిటికి గలుగు చెఱుపును వివరించిన పరిశోధన 1971లో వెలువడెను. పిమ్మట టాటా మౌలిక పరిశోధనా సంస్థవారు ఎర్నాకుళము, శ్రీకాకుళము, భావనగరము జిల్లాలలో పొగాకు వాడు 36,000 మందిని ఇంటింట నెన్నుకొని, ఏటేట నోరు చూచి హితము చెప్పిరి. అట్టి బోధ లేనివారికంటె వీరిలో మానినవారును తగ్గించినవారును అధికులని 1986లో ప్రకటించిరి. చక్రవర్తి యాజ్ఞ చేయలేని పనిని గడపకు వచ్చిన మాట కొంత చేసెను.

శాసనము వ్యర్థమని మేమనము. 2003 నాటి చట్టము 18 ఏండ్లలోపువారికిని, విద్యాలయములకు 100 గజములలోపలను పొగాకు అమ్మరాదనెను. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగస్థలములలో పొగత్రాగుట నిషిద్ధము. దేశమున పొగత్రాగు పెద్దలు 2009–10లో నూటికి 14 మంది, 2016–17లో 10.7. తగ్గుదల నిజమే. కాని ఆ చట్టము వసారాలోని చుట్టను చూడదు. తండ్రియే కొడుకును సిగరెట్టునకై అంగడికి పంపినచో ఆ 100 గజముల హద్దెందులకు?

కావున ఇంటివారే చెప్పవలెను. కోపము లేక, విసుగు లేక, తాతగారితోనైనను చెప్పవలెను. మేము మా తాతగారికి చెప్పలేదు. నిప్పు మాత్రము తెచ్చితిమి.