జాతీయ పర్వదినము: ప్రజల సంకల్పము, ప్రభుత్వపు ముద్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గము వారు నన్ను కోరిరి. నేను గ్రామపు లెక్కలు వ్రాసి జీవించువాడను. గురుముఖమున చదివినది తక్కువ. ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద కూర్చుండి, కవిత్రయ భారతమును తప్పులతో చదివి, మరల చదివి, కొంత తెలిసికొన్నవాడను. లెక్కలవానికి సెలవుదినములపై దృష్టి మెండు. కావున ఒక దినము జాతికి పర్వదిన మెట్లగును, దానిని గుర్తించువా రెవరు అను విషయమున నాకు తోచిన మాటలను పాఠకమహాశయులకు విన్నవించుచున్నాను.

సెలవు అనునది చట్టములో ఎచ్చట నున్నదని వెదకినచో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టపు 25వ సెక్షను కనబడును. ప్రామిసరీ నోటు గడువు సెలవుదినమున తీరినచో, దానికి ముందరి పనిదినమే గడువుగా ఎంచవలెనని అందు కలదు. ఆదివారములును, ప్రభుత్వము గెజిటులో ప్రకటించు ఇతర దినములును సెలవులని అందే చెప్పబడినది. అనగా ఆ చట్టమున సెలవనునది బాకీల లెక్కకు సంబంధించిన మాట. నేడు జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 దేశమంతటను జాతీయ సెలవులుగా చెల్లుచున్నవి. అయినను గెజిటు అచ్చయినంతమాత్రమున పర్వము పుట్టునా?

ఆదిపర్వములో ఉపరిచర వసువు కథ కలదు. చేదిదేశ మేలిన ఆ రాజునకు ఇంద్రుడు ఒక వేణుయష్టి నొసగెను. రాజు దానిని నేల నాటించి ఏటేట ఉత్సవము జరిపెను. తరువాతి రాజులును అట్లే జరిపిరి. కఱ్ఱ నిలిపి పండుగ చేయుట మనకు క్రొత్త కాదని దీనివలన తెలియుచున్నది. కాని ఆ పండుగను రాజు మొదలిడగా ప్రజలు అనుసరించిరి. మన జనవరి 26 కథ దీనికి విలోమము. అచట ప్రజలు మొదలిడిరి; ప్రభుత్వము ఇరువది యేండ్ల పిదప అనుసరించినది.

1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెసు జవాహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతను పూర్ణస్వరాజ్యమే లక్ష్యమని తీర్మానించెను. 1930 జనవరి 26, ఆదివారము, స్వాతంత్ర్యదినముగా నిర్ణయింపబడెను. నాడు దేశమంతటను జనులు గుమిగూడి ప్రతిజ్ఞను చదివిరి. మా యింటి పాత లెక్కలలో అది ఫసలీ 1339. పంచాంగమున శుక్ల నామ సంవత్సరము. ఏ గెజిటు దానిని సెలవుగా గుర్తింపలేదు. ఏ కచేరీ తలుపు మూయలేదు. అయినను పరాయి ప్రభుత్వపు కాలమంతయు ఏటేట ఆ దినమును పాటించినవారు కలరు.

ఈ సంకల్పమునకు మన సీమ ముందుగనే సిద్ధమై యుండెను. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును 1904లో ఏర్పడిన గుంటూరు జిల్లాలోనివి. 2022 ఏప్రిలు 4 నుండి రేపల్లె, బాపట్ల క్రొత్త బాపట్ల జిల్లాలో చేరగా, తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచినది. ప్రథమాంధ్ర మహాసభ 1913లో బాపట్లలోనే జరిగినది. 1921-22లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున పన్ను నిరాకరించిరి. మా వంటి లెక్కలవారు మరువరాని సంగతి యేమన, అచట గ్రామోద్యోగులు తమ పదవులకు రాజీనామా లిచ్చిరి.

మా తాతగారును కరణమే, వేఱొక గ్రామమున. ఆయన రాజీనామా ఈయలేదు. "కుటుంబము పెద్దది, ఆధారము చిన్నది నాయనా" అని నా బాల్యమున చెప్పుచుండెడివారు. జనవరి 26న ప్రతిజ్ఞాసభకు పోవుటకు ధైర్యము చాలక, చావడి అరుగుపై దస్త్రము ముందిడుకొని, దూరమునుండి వినవచ్చు జయధ్వానములను ఆలకించుచు కూర్చుండెడివారట. 1950లో ఊర జెండా ఎత్తినపుడు అందరికంటె ముందు పోయి అందరికంటె వెనుక నిలిచితినని చెప్పి, ఊరకుండెడివారు. ఆ మౌనము నాకు నడివయసున గాని అర్థము కాలేదు.

1942 ఆగస్టు 9న నాయకులు కారాగృహముల పాలైరి. మూడవనాడు, ఆగస్టు 12, బుధవారమున, తెనాలి రైల్వేస్టేషను దగ్ధమైనది. పోలీసు కాల్పులలో ఏడుగురు నేలకొరిగిరి. నేడు రణరంగ చౌకులోని స్మారకము ఆ ఏడుగురిని తలపించుచున్నది. వారు పోయిన ఐదేండ్లకు, 1947 ఆగస్టు 15, శుక్రవారమున స్వాతంత్ర్యము వచ్చినది. ఆ తేదీని వైస్రాయి మౌంట్‌బాటన్ ఎంచెను; జపాను లొంగుబాటునకు అది రెండవ వార్షిక దినము. పదునెనిమిదేండ్లుగా ప్రజలు స్వాతంత్ర్యదినమని పిలిచినదానికి ఇక స్థాన మేది? 1949 నవంబరు 26న ఆమోదింపబడిన రాజ్యాంగమును 1950 జనవరి 26న పూర్తిగా అమలులోనికి తెచ్చుటచే ఆ దినమునకు గౌరవము దక్కినది. ప్రజల చేవ్రాలుపై ప్రభుత్వపు ముద్ర పడుట యన నిదియే.

ఇతర దేశములందును ముద్ర ఆలస్యముగనే పడినది. అమెరికావారి స్వాతంత్ర్య ప్రకటనము 1776 నాటిది. జూలై 4 అచటి కేంద్ర ప్రభుత్వపు సెలవైనది 1870లో. పారిసు ప్రజలు బాస్టిలును పట్టుకొన్నది 1789లో. జూలై 14 ఫ్రాన్సునకు జాతీయ పర్వమైనది 1880లో. ఆ దీర్ఘకాలము తాతలు మనుమలకు చెప్పకున్నచో ముద్ర వేయుటకు కాగితమే మిగిలి యుండదు గదా!

ముద్ర పడినను దినము నిలుచునను నమ్మకమును లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటతో అవతరణోత్సవము ఆ తేదీకి మారినది. 2014 జూన్ 2న రాష్ట్రము విడిపోయిన పిదప కొన్నియేండ్లు నవంబరు 1 వేడుకలు ఆగి, 2019లో మరల ప్రభుత్వపక్షమున జరిగినవి. గెజిటు ఇచ్చినదానిని గెజిటే మార్చగలదు. జనుల జ్ఞాపకమును మాత్రము జనులే పోగొట్టుకొనవలెను.

ఇచట నా తప్పును ఒప్పుకొనుచున్నాను. అనేక సంవత్సరములు జనవరి 26 నాకు చిట్టా మూసి నిద్రించు దినము మాత్రమే. తాతగారు భయముచే పోజాలని సభకు, భయమేమియు లేని నేను బద్ధకముచే పోలేదు. ఏది పెద్ద దోషమో పాఠకులే నిర్ణయింతురు గాక.

ఆగస్టు 12 జాతీయ సెలవుల పట్టికలో లేదు. అందులకు సర్కారును నిందించుట నా ఉద్దేశము కాదు. ప్రతి ఊరి త్యాగమునకు ఒక్కొక్క సెలవు ప్రకటించినచో సంవత్సరము చాలదు. దేశమునకు మూడు దినములు చాలును. ఊరి దినమును ఊరే గుర్తింపవలెను. ఆ పని చేయదగినది గ్రంథాలయము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నెలకొన్ననాటి నుండి, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసిననాటి నుండి, మనవారికి పుస్తకశాల జాతీయోద్యమమునకు ముంగిలి.

కావున కార్యవర్గము వారికి నా మనవి యొకటి. జనవరి 26న జెండా ఎత్తిన పిమ్మట మిఠాయి పంచుటకు ముందు, రాజ్యాంగ పీఠికను ఒక బాలిక చేతనో బాలుని చేతనో తెలుగున చదివింపవలెను. ఆగస్టు 12 సాయంకాలమున వృద్ధుల నోట పెద్దలనాటి వృత్తాంతములను చెప్పించి ఒక పుస్తకమున వ్రాయింపవలెను. ధైర్యముగా నిలిచినవారి కథలతోపాటు, మా తాతగారివలె అరుగుపై కూర్చుండిపోయినవారి మాటలును అందు చేరవలెను. జమా వ్రాసి ఖర్చు దాచిన లెక్క లెక్క కాదు. ఆ పుస్తకమునకు కాగితము నేను తెత్తును. మొదటి పుట మా తాతగారిది.