గృహ బీమా వివాదాలు

గృహ బీమా వివాదాలు అనగా వరద, అగ్నిప్రమాదం, భూకంపం వంటి విపత్తులలో దెబ్బతిన్న ఇంటి మరమ్మతు ఖర్చులో బీమా సంస్థ ఎంత భరించాలన్న విషయమై ఇంటి యజమానికి, ఆ సంస్థకు మధ్య ఏర్పడే తగాదాలు. ఇంటిని పూర్వస్థితికి తెచ్చుటకు అయ్యే ఖర్చు వేరు, నేటి భవన నిబంధనలకు లోబడి కట్టుటకు అయ్యే ఖర్చు వేరు. ఈ తేడాను ఎవరు భరించాలన్నదే వీటిలో అత్యంత చిక్కైన అంశం. సాధారణ పాలసీలో అది యజమానిపైనే పడుతుంది.

సూర్యాపేట ప్రాంతం

సూర్యాపేట 2016 అక్టోబరులో నల్గొండ నుండి విడివడి జిల్లా అయినది. కోదాడ ఈ జిల్లాలోనిదే. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలో ఉన్నది. 2020 జనవరి 26 తెల్లవారుజామున చింతలపాలెం మండల పరిసరాలలో భూకంపం వచ్చి కోదాడ, సూర్యాపేటల వరకు ఇళ్ళు కంపించాయి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన అతి భారీ వర్షాలకు కోదాడలో అనేక కాలనీలు నీట మునిగాయి. ఆ రోజులలోనే నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద నాగార్జున సాగర్ ఎడమ కాలువకు గండి పడినది.

వరద, నీటి ముంపు, భూకంపం మూడూ గృహ బీమా పరిధిలోనివే. ప్రభుత్వ సహాయానికి, బీమాకు సంబంధం లేదు. అయినను రెవెన్యూ సిబ్బంది వ్రాసిన పంచనామా బీమా క్లెయిముకు ఆధారంగా పనికివస్తుంది.

పాలసీ ఏమి చెల్లిస్తుంది

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐ.ఆర్.డి.ఏ.ఐ.) ఆదేశం మేరకు 2021 ఏప్రిల్ 1 నుండి సాధారణ బీమా సంస్థలు "భారత్ గృహ రక్ష" అనే ప్రామాణిక పాలసీని ఇస్తున్నాయి. బీమా మొత్తాన్ని కార్పెట్ వైశాల్యం, నిర్మాణ ఖర్చులను బట్టి లెక్కిస్తారు. స్థలం విలువ ఇందులో చేరదు. ఇల్లు పూర్తిగా నాశనమైతే బీమా మొత్తం చెల్లిస్తారు. పాక్షికంగా దెబ్బతింటే, నష్టం జరిగిన నాటికి ఇల్లు ఏ స్థితిలో ఉన్నదో దాదాపు అదే స్థితికి తెచ్చే ఖర్చును మాత్రమే ఇస్తారు. ఆర్కిటెక్టు, ఇంజనీరు రుసుములకు క్లెయిములో 5 శాతం, శిథిలాల తొలగింపుకు 2 శాతం వరకు లభిస్తుంది.

ఉదాహరణకు, రాతి గోడలపై స్లాబు వేసిన పాత ఇంటిలో ఒక గోడ వరదకు కూలినదనుకొందాం. ఆ గోడను తిరిగి కట్టుటకు 4 లక్షలు, ఇంజనీరు సలహాపై కాంక్రీటు స్తంభాలు వేసి పునాది ఎత్తు పెంచుటకు 7 లక్షలు అయితే, సంస్థ అంగీకరించేది 4 లక్షలకే. ఇంజనీరు సలహా సరియైనదే కావచ్చు, కాని పాలసీ హామీ ఇచ్చినది మరమ్మతుకే.

మినహాయింపులు

నేల కుంగుట వలన కలిగిన నష్టానికి పాలసీ వర్తిస్తుంది. కాని కొత్త కట్టడం సహజంగా దిగబడుట, పూడ్చిన నేల కదలుట, లోపభూయిష్టమైన డిజైను, పనితనం, నాసిరకం సామగ్రి వలన ఏర్పడే పగుళ్ళకు వర్తించదు. నల్లరేగడి నేలలపై కట్టిన ఇళ్ళలో పగుళ్ళు మామూలే కనుక, గోడ బీట వరదకు పూర్వం ఉన్నదా, తరువాత వచ్చినదా అన్నదే ఇక్కడ వాదం. పాలసీ తీసుకొన్న నాటి ఛాయాచిత్రాలుంటే ఈ వాదం త్వరగా తెగుతుంది. కార్పెట్ వైశాల్యాన్ని 10 శాతానికి మించి పెంచి, అదనపు ప్రీమియం చెల్లించని కట్టడం కూడా మినహాయింపులోనిదే. పిల్లల పెళ్ళిళ్ళకు ముందు పైన రెండు గదులు వేసి బీమా సంస్థకు తెలుపని వారు ఈ నిబంధనను గమనించాలి.

భవన నిబంధనలు

ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వెలువడిన జి.ఓ. 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుండి 30 మీటర్లు, అంతకు చిన్నవాటికి 9 మీటర్లు వదలి కట్టాలి. ఈ హద్దులోపలి పాత ఇల్లు కూలితే అదే స్థలంలో పునర్నిర్మాణానికి అనుమతి దొరకుట కష్టం.

నిబంధనల వలన అదనంగా అయ్యే ఖర్చును భరించుటకు అఖిల భారత అగ్ని బీమా టారిఫ్‌లో "స్థానిక సంస్థల క్లాజు" ఉండేది. అయితే నష్టానికి ముందే మునిసిపాలిటీ నోటీసు ఇచ్చిన కట్టడానికి, దెబ్బతినని భాగానికి ఆ క్లాజు వర్తించదు. అమెరికాలో ఇటువంటి రక్షణను ఇంటి పాలసీకి అనుబంధంగా అమ్మడం పరిపాటి.

పరిష్కార మార్గాలు

2024 జూన్ నాటి ఐ.ఆర్.డి.ఏ.ఐ. మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిము తెలిపిన 24 గంటలలో సర్వేయరును నియమించాలి, 15 రోజులలో నివేదిక తెప్పించుకోవాలి, మరో 7 రోజులలో నిర్ణయం తెలపాలి. సర్వేయరు నివేదిక ముఖ్యమైనదే కాని తుది మాట కాదని సుప్రీం కోర్టు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో చెప్పినది. 2022లో టెక్స్కో మార్కెటింగ్ కేసు మరింత గమనార్హం. దుకాణం నేలమాళిగలో ఉన్నదని తెలిసే బీమా చేసిన సంస్థ, అగ్నిప్రమాదం తరువాత నేలమాళిగలకు బీమా వర్తించదన్న నిబంధన చూపినది. ఒప్పందం ఉద్దేశాన్నే దెబ్బతీసే అటువంటి మినహాయింపు చెల్లదని కోర్టు తీర్పు ఇచ్చినది.

సంస్థ తిరస్కరించినా, నెలలోగా బదులివ్వకపోయినా ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు. 2023 నుండి 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉన్నది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు.