వెలుతురు హెచ్చిస్తే చాలునా?

కర్నూలు, కడప ప్రాంతాల చెరువులలో పెరిగే హైడ్రిల్లా రెమ్మను కోసి, నీరున్న గాజుపాత్రలో ఎండకు పెడితే కోసిన చోటునుండి బుడగలు లేస్తాయి. మబ్బు పట్టగానే మందగిస్తాయి. దీనికి కారణం సూర్యుని వేడి కాదు, వెలుతురే అని 1779లో ఇంగ్లండులో ప్రయోగాలు చేసి చూపినవాడు హాలండు వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్. ఆ బుడగలు ప్రాణవాయువు.

1850లో లండనులో రసాయనజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ వాలిస్నేరియా మొక్కలతో బంగారు చేపలను పెంచాడు. ఆకులు కుళ్ళి నీరు చెడగా నత్తలను వేశాడు. నీరు తేరుకున్నది. మన ఇళ్ళలోని మొక్కల తొట్టెలు ఈ వంశానివే.

అయితే వెలుతురు ఎంత హెచ్చితే అంత మేలా? కాదని 1905లో బ్లాక్‌మన్ వివరించాడు. కావలసిన వాటిలో ఏది కొరవడితే అదే మొక్క వేగానికి హద్దు. బావిలో ఊట లేనప్పుడు కపిలకు మరో జత ఎడ్లను కట్టి ఏమి లాభం? నీటిలో బొగ్గుపులుసు వాయువు గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అందుచేత తొట్టెపై మందదీపం తీసి బలమైన ఎల్‌ఈడీ దీపం పెట్టినవారికి తరచు దక్కేది పాచి! మొక్కలు వాడుకోలేని వెలుతురు దాని పాలవుతుంది. దీపాన్ని కొద్దికొద్దిగా హెచ్చించాలి, వెలిగించే గంటలు తగ్గించాలి, బొగ్గుపులుసు వాయువును అందించాలి.

రాయలసీమ ఎండలో కిటికీ దగ్గర తొట్టె పెట్టడం మరీ ప్రమాదం. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 35 డిగ్రీల వద్ద 7 మాత్రమే. చేపలకు ఊపిరాడదు.

బ్లాక్‌మన్ మాటను తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఎండ మార్చకుండా హైడ్రిల్లా పాత్రలో చిటికెడు వంటసోడా కలిపి, నిమిషానికి ఎన్ని బుడగలో మళ్ళీ లెక్కించండి.